దసరాకు సర్వర్‌ను కోసే సారు

మా సారు ఇక లేరన్న కబురు నాకు ఆయన భార్య చెప్పింది. పొద్దున డ్యూటీకి వచ్చి సంచి కూడా భుజం మీంచి దించలేదు, ఫోన్ మోగింది. ఏడుపు లేని, ఎండిపోయిన గొంతు. "బిడ్డా, సారు ఇగ రాడు. పెద్దపల్లి రోడ్డు మీద లారీ గుద్దిందట. మీ దగ్గరికనే బయలెల్లిండు" అంది.

గ్రానైటు బండలు మోసే లారీ అది. శవాల గదిలో మాకు ముఖం చూపించలేదు, చూడవద్దన్నారు. గుడ్డ కింది నుంచి కుడి చెయ్యి మాత్రం బయటికి తీశారు. మణికట్టు దగ్గర వంకరగా అతుక్కున్న ఎముకను చూసి ఆయనే అని చెప్పాను. ఆ వంకర ఎలా వచ్చిందో చెప్పకపోతే ఆయన గురించి నేనేమీ చెప్పనట్టే.

కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి మాది. అక్కడి కంప్యూటర్లన్నిటికీ ఆయన పెద్ద దిక్కు, ఆయన చేతి కింద నేను. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. చెప్తాను, కానీ ముందు నిజం చెప్పనివ్వండి. మా సారుకు మహా కోపం. అందరికీ కోపం ముక్కు మీద ఉంటే ఆయనకు చేతిలో ఉండేది. మా గదిలో నాలుగు కాళ్లూ సరిగ్గా ఉన్న ప్లాస్టిక్ కుర్చీ ఒక్కటీ ఉండేది కాదు. మౌసులు గోడకు తగిలి చచ్చేవి. సామాన్లు సరఫరా చేసేవాళ్లు ఆయన లోపల ఉన్నారా లేరా అని మా సెక్యూరిటీ తాతను అడిగి తెలుసుకుని మరీ మెట్లెక్కేవాళ్లు.

చేరిన మొదటి రోజే నాకు ఆ కోపం దర్శనమిచ్చింది. తెర మీద లెక్కలు చూసి, "సగం మెమరీ ఖాళీగానే ఉంది కద సార్, వాడుకోవచ్చు కద" అన్నాను. ఆయన చేతిలోని చాయ్ గ్లాసు నా తల పక్క నుంచి పోయి గోడకు పగిలింది. ఆయన పాత బనీను గుడ్డ తెచ్చి తనే తుడవడం మొదలుపెట్టారు.

తుడుస్తూ చెప్పారు. ల్యాబు, మందుల దుకాణం, రక్తనిధి, ఆపరేషన్ థియేటర్, వీటన్నిటి కంప్యూటర్లూ నిజానికి రెండే రెండు పెద్ద పెట్టెల్లో ఉంటాయి. పాత బ్లాకులో ఒకటి, కొత్త బ్లాకులో ఒకటి. ఒకే పెట్టెలో పది యంత్రాలు వేరువేరుగా ఉన్నట్టు బతుకుతాయి, వాటినే వర్చువల్ మెషీన్లంటారు. వాటి మీద పెత్తనం చేసే పెద్దమనిషి ఒకడుంటాడు, అదే మేనేజ్‌మెంట్ సర్వర్. ఎవరు పడిపోయారో, వాళ్లను ఎక్కడ లేపాలో చూసేది అదే. కానీ దాని కాపురమూ ఆ పెట్టెల్లోనే. అది ఉన్న పెట్టె చచ్చిపోతే, ముందు అది రెండో పెట్టెలో లేచి నిలబడాలి, ఆ తర్వాతే మిగతావాళ్లను లేపగలదు. లేవాలంటే జాగా కావాలి. ఆ జాగా పేరే మెమరీ. దాంట్లో ఇంకెవరినో కూర్చోబెడితే పెద్దది లేవదు, పెద్దది లేవకపోతే ఆసుపత్రిలో ఏదీ లేవదు.

"సమజైందా?" అన్నారు. తలూపాను. ఆయనకు చాలలేదు.

"మా బాపు మందమర్రి కాడ బొగ్గుబాయిల పని జేసిండు. కప్పుకు ఆసరగ దుంగలు నిలవెడ్తరు గద. ఒకనాడు ముందట కప్పు పటపట సప్పుడు జేస్తుందని, ఎనుక ఉత్తగ నిలవడ్డ దుంగను బాపే గుంజి తెచ్చి ముందట పెట్టిండు. ముందటిది ఆగింది. ఎనుకది కూలింది. మా బాపును పారలతోని ఎత్తిన్రు బిడ్డా."

చాయ్ మరక పోలేదు, ఇప్పటికీ ఆ గోడ మీద ఉంది. ఆయన ఇంకో రెండు చాయ్‌లు తెప్పించి ఒకటి నా చేతికిచ్చారు. "ఉత్తగ నిలవడ్డదని దుంగను గుంజితె, కూలిన్నాడు ఏం పెడ్తవు?" అన్నారు. ఆ మాట తర్వాత నేను ఎన్నిసార్లు విన్నానో నాకే తెలియదు. మేనేజర్లతో అన్నారు, పెద్ద డాక్టరుతో అన్నారు. ఒకసారి ఖాళీ మెమరీ చిప్పులు ఊడదీసి వేరేచోట పెడతానని స్క్రూడ్రైవర్‌తో వచ్చిన కుర్రాడిని కాలర్ పట్టి మెట్ల దాకా ఈడ్చుకుపోయి మరీ అన్నారు. ఆ కుర్రాడి చొక్కా గుండీలు మా సర్వర్ గదిలో రాలాయి. పాపం, వాణ్ణి పంపినవాళ్లు ఏసీ గదిలో హాయిగా కూర్చున్నారు.

ఇక దసరా. మా దిక్కు దసరా అంటే మేకో గొర్రెపోతో, యాట తెగాల్సిందే. సారు ఇంట్లో కోసేవారు కాదు, సర్వర్ గదిలో కోసేవారు. రెండు పెట్టెలకూ పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ తొక్కించినంత పని చేసి, ఆ గంట ఆపరేషన్లు పెట్టుకోవద్దని థియేటర్‌కు చెప్పి, పెద్దది నడుస్తున్న పాత బ్లాకు పెట్టె కరెంటు వైరును పిడికిలికి చుట్టుకునేవారు. పద్ధతిగా ఆపొచ్చు కద సార్ అంటే, "జోకొట్టి నిద్రపుచ్చుడు కాదు. సావు చెప్పొస్తదా?" అని ఒక్క గుంజు గుంజేవారు. ఫ్యాన్ల హోరు గొంతు కోసినట్టు ఆగిపోయేది. నేను పక్కన చిన్న తెర ముందు కూర్చుని రెండో పెట్టెను చూస్తుండాలి. ఆయన పళ్లు బిగబట్టి ఒకే మాట అడిగేవారు.

"లేసిందా?"

లేచింది అనేదాకా వైరు వదిలేవారు కాదు. లేచాక జేబులోంచి జమ్మి ఆకు తీసి నా చేతిలో పెట్టి గుండెలకు హత్తుకునేవారు. "నిద్రల గూడ గదే కలవరిస్తడు బిడ్డా, లేసిందా లేసిందా అనుకుంట. నేనేమో నన్ను లేపుతుండనుకొని లేస్త" అని అమ్మ, సారు భార్యను నేను అలాగే పిలుస్తాను, ఒకసారి నవ్వుతూ చెప్పింది.

ఆయన చెయ్యి విరిగింది ఒక ఎండాకాలం మధ్యాహ్నం. బండి మీంచి పడిన ఒక పిల్లగాణ్ణి తెచ్చారు, బతకలేదు. గంట తిరగకుండా వాళ్ల ఊరి నుంచి రెండు ట్రాలీల మనుషులు దిగారు. గడ్డపారలు, కర్రలు, ట్రాక్టర్ రాడ్లు. ముందర అద్దాలు పోయాయి. కౌంటర్ల మీది కంప్యూటర్లను నేలకేసి కొట్టారు. మా సెక్యూరిటీ తాత తల పగిలి మెట్ల మీద కూలబడ్డాడు. నేను కొత్త బ్లాకులో ఉన్నాను. పాత బ్లాకు సర్వర్ గది తలుపుకు సారు అడ్డం నిలబడ్డారట. తలుపు మీద పడబోయిన రాడ్డు ఆయన మణికట్టు మీద పడింది. రెండో దెబ్బ భుజం మీద. ఆయనను తొక్కుకుంటూ లోపలికి పోయి, ఒక పెద్ద బండరాయితో పెట్టె పొట్ట పగిలేదాకా కొట్టారు.

నా తెర మీద పేర్లన్నీ ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. అదే సమయానికి థియేటర్‌లో జమ్మికుంట దిక్కు నుంచి వచ్చిన ఒక బాలింత బల్ల మీద ఉంది. బిడ్డ బయటపడ్డాడు, ఆమెకు రక్తం ఆగడం లేదు. ఆమెకు సరిపోయిన రక్తం ఏ సీసాలో ఉందో చెప్పే రక్తనిధి కంప్యూటర్ అప్పుడే చచ్చిన పెట్టెలో ఉంది. డాక్టరమ్మ ఫోన్‌లో నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. నాకు చేయడానికి ఏమీ లేదు, చూడడం తప్ప. మొదట పెద్దది లేచింది. దాని తర్వాత రక్తనిధిని లేపింది. మిగతావి ఎప్పుడు లేచాయో నేను చూడలేదు, అప్పటికే మెట్లు దిగి పరుగెత్తుతున్నాను.

సారు గాజుపెంకుల మధ్య గోడకు ఆనుకుని కూర్చున్నారు. చొక్కా నిండా నెత్తురు. చెయ్యి మణికట్టు దగ్గర వేలాడుతోంది. నన్ను చూడగానే అడిగారు.

"లేసిందా?"

"లేసింది సార్. నెత్తురు థియేటర్‌కు పోయింది, ఎక్కిస్తున్నరు."

"అయితె జర నన్ను లేపు" అన్నారు.

తల్లీ బిడ్డా ఇద్దరూ బతికారు. కొట్టింది ఎవరని పోలీసులు ఎన్నిసార్లు అడిగినా సారు చూడలేదనే అన్నారు. నాకు మాత్రం చెప్పారు, చనిపోయిన పిల్లగాడి అన్న అని. నాకు ఒళ్లు మండింది. కేసు పెట్టకుండా వదిలేస్తారా అని నేనే అరిచాను. "మా బాపు సచ్చిన్నాడు నేను గూడ రాళ్లు పట్టుకొని తిరిగిన బిడ్డా. ఎవల అద్దాలు పలిగినయో నాకేం ఎరుక. వానికి గప్పుడు కండ్లు కనవడయి" అన్నారు. ఎముక వంకరగా అతుక్కుంది. ఆ చేత్తోనే, పగిలినదాని జాగాలో వచ్చిన కొత్త పెట్టెకు, తర్వాత దసరాలన్నిటికీ వైరు గుంజారు.

ఆయనను కాల్చి వచ్చిన మర్నాడు నేను డ్యూటీకి పోయి తెర చూశాను. ఖాళీ ఉండాల్సిన సగంలో కొత్త స్కానింగ్ సాఫ్ట్‌వేర్ నడుస్తోంది. మేనేజర్ గదికి పోయాను. అతను నెమ్మదిగా, "పెద్దాయన పోయిండు గదమ్మా, ఇగ గా పట్టింపులెందుకు? ఉత్తగనే ఉన్నది గద" అన్నాడు. సారు చితి ఇంకా చల్లారి ఉండదు. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు సరిగ్గా గుర్తులేదు. అతని బల్ల మీది గాజు పలక పగిలి ఉంది, నా పిడికిట్లో అతని కాలర్ ఉంది. జీవితంలో పిల్లిని కూడా కొట్టని మనిషిని నేను. "తీసేస్త, తీసేస్త" అన్నాడతను. అతను తీసేదాకా నేను ఆగలేదు, నేనే తీసేశాను. అంతా పోయిందో, ఎక్కడైనా మిగిలిందో పెట్టెను చంపి చూస్తే తప్ప తెలియదు. దసరా దాకా ఆ గుబులుతోనే ఉన్నాను.

దసరా నాడు అమ్మ వచ్చింది. సారు జేబులో దొరికిన సర్వర్ గది తాళంచెవి ఇవ్వడానికి. లారీ కింద పడి అది వంగిపోయి ఉంది, తాళంలో పట్టదు. నేను నా దగ్గరున్న రెండోదానితో తీశాను. ఆమె గడప బయటే నిలబడింది.

"గీ యేడు మాకు పండుగ లేదు బిడ్డా. నేను లోపటికి రావద్దు."

"ఇది పండుగ కాదమ్మా. రా" అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను.

పెట్టెను చాలాసేపు చూసింది. "గిదేనా? ఇరువై ఏండ్లు గీ దయ్యంతోనే కాపురం జేసిండు. నన్ను తిట్టింది గూడ తక్వనే, తిట్లన్ని దీనికే" అంది. వైరు నా చేతిలో చూసి, "సారు సంపుతుండె అన్నవు సూడు, ఏది? నేను సంపుత" అంది.

ఇచ్చాను. కొంగు నడుముకు దోపి, వైరును పిడికిలికి రెండు చుట్లు చుట్టింది. అలా చుట్టాలని నేను చెప్పలేదు. ఒక్క గుంజు గుంజింది. ప్లగ్గు ఎగిరొచ్చి ఆమె మోకాలికి కొట్టుకుంది. గది చచ్చిపోయింది. నా తెర మీద పేర్లన్నీ ఎర్రబడ్డాయి. పెద్దదాని పేరు ఎర్రగానే ఉంది. ఇంకా ఎర్రగానే ఉంది.

వెనక నుంచి, పళ్లు బిగబట్టిన గొంతు.

"లేసిందా?"

నేను తిరిగి చూసి మళ్లీ తెర వైపు తిరిగేసరికి మొదటి పేరు పచ్చబడింది.

"లేసిందమ్మా" అన్నాను. ఇక వైరు వదలమన్నాను. ఆమె వినలేదు. వేళ్లు తెల్లబడేలా దాన్ని బిగించి పట్టుకుని, ఆగిపోయిన పెట్టె ముందు అలాగే నిలబడింది.