ఎండలో పెట్టిన సెల్లులు

నా చిన్నప్పుడు సెల్లు అనే మాటకు మా ఇంట్లో ఒక్కటే అర్థం. రేడియోలోనూ బ్యాటరీ లైటులోనూ వేసుకునేది. ఇప్పుడు ఆ మాట వినగానే అందరూ జేబులు తడుముకుంటారు. నా చూపు మాత్రం ఇంకా డాబా మీదికే, ఎండలోకే పోతుంది. అది ఎందుకో చెప్పాలంటే ముందు మా బాపు రేడియో సంగతి చెప్పాలి.

మాది ఖిలా వరంగల్. మా వైపు నాన్నను బాపు అంటారు. మట్టికోట లోపల మా బాపుకు కొన్ని ఆకుకూర మడులు ఉండేవి. పొద్దు గూకాక కాళ్లు కడుక్కుని వచ్చి రేడియో పెట్టేవాడు. సెల్లులు అయిపోవస్తే రేడియో గొంతు సన్నబడి, పాడేవాళ్లు బావి అడుగున కూర్చుని పాడుతున్నట్టు వినిపించేది. కొత్త సెల్లులు కొనడానికి మా బాపుకు ఒక పట్టాన చెయ్యి వచ్చేది కాదు. పాతవాటినే తీసి పొద్దంతా ఎండలో పెట్టి, సాయంత్రం మళ్లీ వేసేవాడు. గొంతు తిరిగి వచ్చేది. పూర్తిగా కాదు, ఒకటి రెండు పాటలకు సరిపడా. అంతకు మించిన వైద్యం ఉంటుందని నాకు అప్పట్లో తెలియదు.

నాకు ఎనిమిదేళ్లు ఉన్నప్పుడు మా అమ్మకు జబ్బు చేసింది. మనిషి తెల్లగా పాలిపోయింది. దెబ్బ తగలకుండానే చేతుల మీద కమిలిన మచ్చలు వచ్చేవి. నీళ్ల బిందె ఎత్తుకుని నాలుగు అడుగులు వేసి, దాన్ని దించి పక్కనే కూలబడేది. ఆ తర్వాత గొంతు తగ్గింది. వాకిట్లో నిలబడి పిలిస్తే మడుల అవతలి దాకా వినిపించే గొంతు మా అమ్మది. అలాంటిది పక్కలో పడుకున్నా సరిగా వినబడకుండా పోయింది. బాపు ఆమెను పెద్ద దవాఖానలో చేర్చి, నన్ను సుబేదారిలో మా మేనత్త ఇంట్లో దింపి, తాను దవాఖాన వరండాలోనే ఉండిపోయాడు. చిన్నపిల్లలను లోపలికి రానివ్వరని చెప్పారు. ఒకే ఊళ్లో ఉండి అమ్మను చూడలేకపోవడం ఎట్లా ఉంటుందో నాకు ఆ ఎండాకాలమే తెలిసింది.

మా మేనత్త చెడ్డది కాదు. ఆ మాట ముందే చెప్పకపోతే పాపం తగులుతుంది. వేళకు అన్నం పెట్టేది, తల దువ్వేది. అయితే అడగనిదే అమ్మయినా పెట్టదంటారే, మా ఇంట్లో ఆ సామెత ఎప్పుడూ చెల్లలేదు. మా అమ్మ అడగకుండానే పెట్టేది. మేనత్త దగ్గర అడగాలి. నాకు అడగడం చేతకాలేదు. ఆమె కొడుకులు పెద్దవాళ్లు, వాళ్ల లోకం వాళ్లది. మధ్యాహ్నం అందరూ పడుకుంటే నేను ఒక్కదాన్నే గదులన్నీ తిరిగేదాన్ని. పెద్దవాళ్లు ఏదో మాట్లాడుకుంటూ నన్ను చూడగానే ఆపేసి, అన్నం తిన్నావా అని అడిగేవారు. తిన్నాక కూడా అదే అడిగేవారు.

గోడలకు చెవులుంటాయంటారు. ఆ ఇంట్లో ఆ చెవులు నావే. ఒకరోజు మా మామ పనినుంచి వచ్చేటప్పుడు దవాఖానకు పోయి వచ్చాడు. వంటింట్లో మా మేనత్తతో మెల్లగా చెప్తున్నాడు. "రక్తంల సెల్లులు మస్తు తగ్గినయట. ఎక్కిస్తాండ్రు గని నిలుస్తలేవట."

తలుపు వెనక నిలబడిన నాకు భయం వేయలేదు. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఇన్నాళ్లూ వీళ్లంతా గుసగుసలాడుకున్నది దీని గురించా అనుకున్నాను. సెల్లులు తగ్గాయి కాబట్టే గొంతు తగ్గింది. ఏం చేయాలో మా బాపు నాకు ఎప్పుడో చూపించాడు. అంత చదువుకున్న డాక్టర్లకు ఈ చిన్న సంగతి తెలియలేదే అని జాలి కూడా పడ్డాను.

మరునాటి నుంచి సెల్లులు ఏరడం మొదలుపెట్టాను. వీధిలో పిల్లలు ఆడుకుని పారేసినవి, చెత్తకుండీ పక్కన పడినవి, మా మామ లైటులోంచి తీసి కిటికీలో మరిచిపోయినవి. గౌను అంచుతో తుడిచి, డాబా మీద పిట్టగోడ వెంట వరసగా నిలబెట్టేదాన్ని. ఎండ జరిగినకొద్దీ వాటినీ జరిపేదాన్ని. ఆ ఇంటికి వచ్చాక నాకంటూ ఒక పని దొరకడం అదే మొదలు. వాటితో మాట్లాడేదాన్ని కూడా.

పక్కింటి డాబాకూ మా డాబాకూ నడుమ ఆ పిట్టగోడ ఒక్కటే అడ్డం. పక్కింటి అక్క కాలేజీలో జీవశాస్త్రం చదువుతోంది, పెద్ద చదువే. తలంటుకుని జుట్టు ఆరబెట్టుకోవడానికి వచ్చి, నన్నూ నా వరసనూ చూసింది.

"ఏం జేస్తానవ్ చెల్లె?"

"అమ్మకు సెల్లులు ఎండవెడ్తాన. తగ్గినయట."

అక్క నవ్వలేదు. నవ్వి ఉంటే నేను ఈ పాటికి ఆమెను మరిచిపోయి ఉండేదాన్ని. గోడ మీద మోచేతులు ఆనించి ఇటువైపు వంగింది. తర్వాత చెయ్యి చాపి ఒక్కో సెల్లునూ ఇటువైపు తిప్పి పెట్టింది. రెండో పక్క కూడా ఎండాలి కదా అంది. ఆ తర్వాత కిందికి పోయి మా మేనత్తతో ఏమి చెప్పిందో గాని, మరునాడు మధ్యాహ్నం నన్ను తన వెంట కాలేజీకి తీసుకుపోయింది.

సెలవుల్లో కాలేజీ ఖాళీగా ఉంది. ల్యాబులో ఒకటే మందు వాసన. సీసాలో తెల్లబారిన కప్ప ఒకటి రెండు చేతులూ గాజుకు ఆనించి ఉంది. నాకు దాన్ని చూస్తే ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు అనిపించింది. అక్క ఇంటినుంచి తెచ్చిన ఉల్లిగడ్డను చీల్చి, లోపలి పొరను గోటితో లాగి, గాజుపలక మీద పరిచి ఎర్రమందు చుక్క వేసింది. ఒక కన్ను మూసి మైక్రోస్కోపులోకి చూడమంది.

గోడ కనిపించింది. మా కోట రాతిగోడే. సున్నం లేకుండా రాయికి రాయి ఆనించి పేర్చిన గోడ. రాయి రాయికీ లోపల ఒక చుక్క. వీటిని కూడా సెల్లులే అంటారని, తెలుగు పుస్తకాల్లో కణాలని రాస్తారని అక్క చెప్పింది. ప్రాణం ఉన్నది ఏదైనా వీటితోనే కట్టి ఉంటుందట. ఆ చుక్క ఇంటి పెద్దలాంటిది, ఏ పని ఎప్పుడు జరగాలో అదే చెప్తుంది. బయట గట్టి గోడ, గోడకు లోపల పల్చని పొర, మధ్యలో నీళ్ల తిత్తి. తిత్తి నిండుగా ఉంటే ఆకు నిలబడుతుంది, నీళ్లు తగ్గితే తల వాలుస్తుంది. బజారుకు పోయే తోటకూర కట్టల మీద మా అమ్మ మాటిమాటికీ నీళ్లు ఎందుకు చల్లేదో నాకు అప్పుడు అర్థమైంది. ఆ మాట చెప్తే అక్క మెచ్చుకుంది.

తర్వాత తొట్టిలోంచి నాచు ఆకు ఒకటి తీసి చూపించింది. ఆ గోడల లోపల పచ్చని గింజలు ఉన్నాయి. ఊరికే లేవు, గోడ వెంబడి మెల్లగా కదులుతున్నాయి. అవి ఎండను పట్టుకుని ఆకుకు అన్నం వండుతాయట. మా బాపు చేసింది నిజమేనన్నమాట. ఈ సెల్లులకూ ఎండే కావాలి.

"అట్లయితే అక్కా, అమ్మను డాబా మీద ఎండల పండవెడ్తే?"

అక్క నాచు ఆకును పక్కన పెట్టింది. ఒక అగ్గిపుల్ల తీసి, నన్ను నోరు తెరవమని, దాని వెనక కొసతో నా బుగ్గ లోపల మెల్లగా గీరింది. దాన్ని గాజుపలకకు రాసి నీలిమందు చుక్క వేసి, ఇప్పుడు నిన్ను నువ్వు చూసుకో అంది.

నేను అంత పేదగా ఉంటానని అనుకోలేదు. గోడ లేదు, వరస లేదు. నీళ్లలో పడిన అటుకుల్లాగా ఒక్కోటి ఒక్కో దిక్కున, అంచులు మడతలు పడి, ఒంటరిగా తేలుతున్నాయి. చుక్క మాత్రం ఉంది. పచ్చ గింజల కోసం ఎంత వెతికినా కనబడలేదు.

"మనకు అవి లేవు చెల్లె," అంది అక్క. "ఆకు సెల్లు ఎండను తింటది. మన సెల్లులు తినయి. అమ్మను ఎండల వెట్టినా లాభం లేదు."

ఏడ్చాను. అప్పటిదాకా అందరూ నాతో అమ్మకు నయమైపోతుందనే చెప్పారు. ఆ మాట ఎంత తీయగా చెప్పేవారో అంత దూరం జరిగేవారు. నాకు ఉన్నదున్నట్టు చెప్పింది అక్క ఒక్కతే. అమ్మ చచ్చిపోతదా అని అడిగితే నాకు ఎర్క లేదు అంది. మనిషి ఎముకల లోపల రక్తం సెల్లులు పుడుతూ ఉంటాయని, అమ్మకు ఆ పుట్టడం తగ్గిందని, పరాయివాళ్ల రక్తం ఎక్కించినా అది కొన్నాళ్లే ఉంటుందని చెప్పింది. డాక్టర్లు చూస్తున్నారంది. అంతకుమించి ఏమీ కలపలేదు.

నేను ఏడుస్తుంటే ఆమె ఆపమనలేదు. ఏడుపు తగ్గాక తన చున్నీతో నా ముఖం తుడిచి, ఇంకో సంగతి చెప్పింది. అది నాకు మాట మాటా గుర్తుంది.

"గోడ లేదని ఫికర్ జెయ్యకు. గోడ ఉన్నది ఉన్నకాడనే ఉంటది. చెట్టు నడిచి వాళ్లమ్మ తానికి పోతదా? నువ్వు పోతవ్. ఇంకోటి ఇను. నీ ఒక్కో సెల్లుల సన్నగింజలుంటయి, ఈ అద్దంల కనబడయి. తిన్న తిండిని బలం జేసేటియి అవే. అసలు బ్యాటరీలంటే అవి. అవి బాపు తాననుంచి రావట, అమ్మ తాననుంచే వస్తయట. మొన్ననే మా సార్ చెప్పిండు. నువ్వు అమ్మకు సెల్లులు వట్కపోతనంటానవ్. అమ్మ నీకు ఎప్పుడో ఇచ్చింది."

నాకు సగమే అర్థమైంది. మరి డాబా మీద ఎండబెట్టినవి పారెయ్యాలా అని అడిగాను. ఎందుకు పారెయ్యాలి, ఎండకు అవి వెచ్చబడతాయి కదా, రక్తం తక్కువున్నవాళ్లకు చేతులు చల్లగా ఉంటాయి అంది అక్క.

ఆమె ఎవరిని బతిమాలిందో తెలియదు. రెండు రోజుల తర్వాత మిట్టమధ్యాహ్నం నన్ను రిక్షా ఎక్కించి దవాఖానకు తీసుకుపోయింది. బయలుదేరే ముందు డాబా మీదినుంచి రెండు సెల్లులు తీసి, గుడ్డలో చుట్టి, చల్లారకుండా దారంతా ఒళ్లో పెట్టుకున్నాను. ఒక నర్సమ్మ మమ్మల్ని చూసీ చూడనట్టు తల తిప్పుకుంది.

అమ్మ మంచం మీద ఎంతో చిన్నగా ఉంది. నన్ను చూసి కళ్లతోనే పిలిచింది. నేను గుడ్డ విప్పి ఆమె రెండు చేతుల్లో చెరొక సెల్లు పెట్టాను. ఆ చేతులు నిజంగానే చల్లగా ఉన్నాయి.

"గివేంది బిడ్డా, గింత వెచ్చగున్నయ్?"

"నీకోసం ఎండవెట్టిన."

అమ్మకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. బాపు రేడియోకు పెట్టినట్టా అని నవ్వింది. వరండాలో ఉన్న బాపు ఆ నవ్వు విని లోపలికి వచ్చాడు. ఆ కాసేపూ మా అమ్మకు గొంతు వచ్చింది. మడులకు నీళ్లు పెట్టినరా, నీకు తల ఎవరు దువ్వుతాండ్రు, పాపట వంకరుంది అంది. ఒకటి రెండు పాటలకు సరిపడా గొంతు. నేను వచ్చేటప్పుడు ఆమె గుప్పిళ్లు మూసే ఉన్నాయి.

వానలు పడకముందే అమ్మ పోయింది. దవాఖాన నుంచి వచ్చిన మూటలో ఆ సెల్లుల కోసం వెతికాను. లేవు. ఎవరో ఊడ్చి పారేసి ఉంటారు, పాత సెల్లులను ఎవరైనా చేసేది అదే. ఆ ఏడే పక్కింటి అక్క చదువు పూర్తి చేసుకుని వేరే ఊరికి పోయింది. మళ్లీ ఆమెను చూడలేదు. బాపు రేడియో తుడిచి గూట్లో పెట్టాడు గాని, చాలాకాలం పాట పెట్టనేలేదు. ఇంట్లో మేమిద్దరమే, ఇద్దరం మాటలు తక్కువవాళ్లమే.

నేను సైన్సు చదువుకోలేదు. పెళ్లయి, హనుమకొండ బజారులో గాజుల దుకాణంలో కూర్చుని, ఆడవాళ్ల చేతులు పట్టుకునే బతికాను. చల్లని చెయ్యి తగిలితే గాజు వేయడానికి ముందు కాసేపు నా రెండు చేతుల మధ్య పెట్టుకునేదాన్ని. చెయ్యి మెత్తబడడానికేమో అనుకునేవారు. మా ఆయన పోయాక దుకాణం తీసేశాను. ఇప్పుడు మా అమ్మ బతికిన వయసుకు రెట్టింపు దాటి, మళ్లీ కోట లోపలి ఇంట్లోనే ఒక్కదాన్నే ఉంటున్నాను. అక్క చెప్పిన ఆ గింజలు ఆడపిల్లల ద్వారానే ముందుకు సాగుతాయని తర్వాత ఎవరో చెప్పారు. నాకు ఇద్దరూ కొడుకులే. అమ్మ నాకు ఇచ్చినవి వాళ్లతో ఆఖరు, వాళ్ల పిల్లలకు చేరవు. అది విన్నరోజు నాకు అన్నం సహించలేదు.

అయినా ఇప్పటికి నా దగ్గర ఉన్నాయి కదా. మధ్యాహ్నం ఇల్లంతా నిశ్శబ్దమై, ఎవరి గొంతూ వినబడనప్పుడు, ఆ రోజు అక్క అగ్గిపుల్లతో గీరిన చోట బుగ్గ లోపల నాలుకతో తడుముకుంటాను. వెచ్చగా ఉంటుంది. ఏ ఎండా అక్కరలేదు.