ఇంటికి ఒక్కటే రిబేటు

బెర్నడీన్ యాస్కుల్స్కీకి నేను పంతొమ్మిదేళ్లు ఉత్తరాలు అందించాను. మిల్వాకీ ఊరికి దక్షిణాన ఆ వీధులన్నీ నావే. ఏ ఇంటి కుక్క కరుస్తుందో, ఏ ఇంటాయన కరెంటు బిల్లు చూసి నన్ను తిడతాడో నాకు కంఠతా వచ్చు. బెర్నడీన్ మాత్రం నన్ను బిల్లులకు తిట్టేది కాదు, ఆలస్యానికి తిట్టేది. బడి వంటగదిలో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. పెళ్లి చేసుకోలేదు. మోకాళ్లు అరిగాయి కానీ నోరు అరగలేదు.

ఆ చుట్టుపక్కల ఆవిడను అందరూ ఎరిగింది రిబేట్ల వల్ల. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. దుకాణం కాగితంలో వస్తువు ధర నూట నలభై తొమ్మిది డాలర్లని పెద్ద అక్షరాలతో వేస్తారు. తీరా కౌంటర్ దగ్గర నూట తొంభై తొమ్మిది కట్టించుకుంటారు. మిగతా యాభై తర్వాత పోస్టులో పంపుతారట. అందుకు ఫారం నింపాలి, రసీదు జతచేయాలి, అట్టపెట్టె మీది బార్‌కోడ్ కత్తిరించి పెట్టాలి, నెల తిరక్కుండా పోస్టు ముద్ర పడాలి. ఇందులో ఒక్కటి తప్పినా చేతికి సున్నా. ఇచ్చే ఉద్దేశమే ఉంటే అక్కడికక్కడే తగ్గించి ఇవ్వొచ్చు కదా? జనం మర్చిపోతారని వాళ్ల ఆశ. ఒకవేళ చెక్కు వచ్చినా, చూడ్డానికి అది కార్పెట్లు కడుగుతామని వచ్చే ప్రకటన కార్డులాగే ఉండేది. చూడకుండా చింపి పారేసినవాళ్లు నా రూటులోనే బోలెడుమంది.

బెర్నడీన్ దగ్గర ఈ ఆటలు సాగేవి కావు. ప్రతి కాగితానికీ నకలు తీసి, కంపెనీకో కవరు పెట్టుకునేది. కాఫీ మెషీను మీద రావాల్సిన పది డాలర్ల కోసం ఏడు నెలలు పోరాడి తెచ్చుకుంది. పక్కింటివాళ్లు ఫారాలు పట్టుకుని ఆవిడ వంటింటి బల్ల దగ్గరికి వచ్చేవారు. కత్తెర వాళ్ల చేతికి ఇచ్చేది కాదు. బార్‌కోడ్ కోశాక వస్తువు పాడైనా దుకాణంవాడు వెనక్కి తీసుకోడు కాబట్టి, ముందు వారం రోజులు వాడి చూడమని పంపేసేది.

ఆ ఇల్లు వాళ్ల నాన్న కట్టింది. కింద వాటాలో బెర్నడీన్, పై వాటాలో చెల్లెలు రోజలీ. వరండాలో పక్కపక్కనే రెండు తలుపులు, రోజలీ తలుపు వెనక పైకి మెట్లు. పదకొండేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. వాళ్లమ్మ మంచాన పడ్డప్పుడు, బెర్నడీన్ బడికి వెళ్లిన రోజు చూసి రోజలీ ఆవిడను వృద్ధుల ఆసుపత్రిలో చేర్చింది. మూడు వారాలకు ఆవిడ పోయింది. నేను ఇంట్లో ఉంటే అమ్మను గడప దాటనిచ్చేదాన్ని కాదని బెర్నడీన్, పగలంతా అమ్మను ఎత్తి దించడానికి నా నడుము ఒక్కటే మిగిలిందని రోజలీ. నాకైతే ఇద్దరిదీ న్యాయంగానే కనిపించేది. ఆ మాట ఇద్దరి దగ్గరా అనలేదు, నా రూటు నాకు ప్రశాంతంగా ఉండాలి.

రెండు తలుపులున్నా ఇంటి నంబరు ఒక్కటే, 2417. ఒకసారి నగర కార్యాలయం నుంచి ఒకాయన వచ్చి, అందరిలాగే ఒక వాటాకు 2417½ అని రాయించుకోమన్నాడు. ఆ అర ఎవరనేది తేలలేదు. ముందు పుట్టినదాన్ని, నేనెలా అర అవుతానని బెర్నడీన్. పైన ఉన్న పాపానికి సగం మనిషినైపోవాలా అని రోజలీ. ఇద్దరి తలుపుల మధ్య గంటసేపు తిరిగి, ఆయన టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. నాకు పేర్లు తెలుసు కాబట్టి ఎవరి ఉత్తరాలు వాళ్లకు వేసేవాణ్ని.

రెండువేల నాలుగు జూన్‌లో కిటికీకి బిగించే ఏసీ మీద యాభై డాలర్ల రిబేటు వచ్చింది. ప్రకటన కాగితం రెండు తలుపుల్లోనూ వేసింది నేనే. ఒకరికి తెలియకుండా ఒకరు, నాలుగు రోజుల తేడాలో, అదే దుకాణంలో అదే ఏసీ కొన్నారు. పై కిటికీలోంచి పొడుచుకొచ్చిన డబ్బాను చూసి బెర్నడీన్, చెల్లెలు తనను చూసే కొన్నదని తీర్మానించేసింది. నిజానికి మొదట కొన్నది రోజలీ.

రోజలీకి ఆగస్టులో చెక్కు వచ్చింది. బెర్నడీన్‌కు సెప్టెంబరులో కంపెనీ నుంచి కార్డు వచ్చింది. ఇతరుల కార్డులు చదవకూడదంటారు గానీ కళ్లు ఊరుకోవు కదా. మీ ఇంటికి ఈ రిబేటు ఇదివరకే చెల్లించాం, ఇంటికి ఒక్కటే, అని ఉంది.

మర్నాడు ఆవిడ వరండాలో నాకోసం కాచుకుని ఉంది.

"ఏమయ్యా వెండెల్, నా ఇంట్లో ఎంతమంది ఉంటారు?"

"మీరొక్కరే."

"మరి ఈ తలమాసినవాళ్లకి ఇంకొకరు ఎక్కడ కనబడ్డారు?"

పెన్షను మీద బతికే మనిషికి యాభై డాలర్లు చిన్నవేం కావు. కానీ అసలు గుచ్చుకున్నది అది కాదు. పదకొండేళ్లుగా ఆవిడ తనకు ఎవరూ లేరని, ఎవరితోనూ పనిలేదని చెప్పుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఎక్కడో పోస్టుబాక్సు వెనకున్న ఎవడో, కాదు, మీరిద్దరూ ఒకటే అంటున్నాడు. ఆ మాటను వాడి చేతే కొట్టేయించాలని ఆవిడ పట్టుబట్టింది.

కంపెనీకి ఫోన్ మీద ఫోన్ చేసింది. లైన్లో ఆగమని వాళ్లు పెట్టిన పాట మోగుతుంటే రిసీవరు భుజాన ఇరికించుకుని బంగాళాదుంపల తొక్క తీసేది. ఐదో రోజున ఎవరో అమ్మాయి దయతలచి దారి చెప్పింది. ఇద్దరం వేరువేరు ఇళ్లవాళ్లమని రాసి, ఇద్దరూ సంతకం చేసి ముప్ఫై రోజుల్లో పంపాలి.

బెర్నడీన్ రాసింది. "మేమిద్దరం ఒక ఇంటివాళ్లం కాము. మా ఇద్దరికీ ఉమ్మడిగా ఏమీ లేదు." కంపెనీ అడిగింది మొదటి వాక్యమే. రెండోది ఆవిడ సొంతం. తన సంతకం పెట్టి కాగితం నా చేతికిచ్చింది.

"పైనుండే మనిషి సంతకం పెట్టనంటుంది. అనగానే వచ్చి నాకు చెప్పు. ఏం జవాబివ్వాలో నా దగ్గరుంది," అంది.

ఇలాంటి రాయబారాలు నా ఉద్యోగంలో లేవు. అయినా పైకెళ్లాను. రోజలీ కళ్లజోడు పెట్టుకుని చదివింది. నా జేబులో పెన్ను తీసుకుని, కాగితాన్ని గోడకు ఆనించి సంతకం చేసింది. తారీఖు ఎంతని అడిగి అదీ వేసింది. కాగితం నాకిచ్చి తలుపు వేసుకుంది.

కింద బెర్నడీన్ జవాబులు సిద్ధం చేసుకుని నిలబడే ఉంది. కాగితం తీసుకుని కిందున్న సంతకం చూసింది.

"చదివిందా?"

"చదివారు."

"రెండోది కూడా?"

"రెండూ చదివారు."

"ఏమీ అనలేదా?"

"తారీఖు అడిగారు."

కొంచెం ఆలోచించి పెట్టారని ఒక్క అబద్ధం ఆడి ఉంటే నా సొమ్మేం పోయేది? అప్పుడు తోచలేదు. ఆవిడ కాగితం మడిచి లోపలికి వెళ్లింది. ఆ పూట నన్ను ఆలస్యానికి తిట్టలేదు.

ఆ తర్వాత రోజూ కవరు కోసం చూశాను. పంపాల్సిన ఉత్తరాలు నేను తీసుకెళ్లేందుకు ఆవిడ తలుపు పక్కనున్న క్లిప్పుకు తగిలించేది. కరెంటు బిల్లు ఉండేది, చర్చి కవరు ఉండేది, ఇది మాత్రం ఉండేది కాదు. గడువు రేపటితో ముగుస్తుందనగా తలుపు తట్టి గుర్తుచేశాను.

"పంపను," అంది.

"యాభై డాలర్లండీ. ఏసీని వెనక్కి ఇవ్వడానికీ లేదు, బార్‌కోడ్ కోసేశారు."

"తెలుసు. ఊరూ పేరూ తెలియనివాడి ఫైల్లో ఆ మాట పడి ఉండటం నాకిష్టం లేదు. రాసింది నేనే, నాకు బుద్ధుండాలి. అదేమో తారీఖు కూడా వేసి ఇచ్చింది."

ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి. చూడనట్టు సంచి సర్దుకున్నాను. ఒక్క సెంటును కూడా ఏ కంపెనీకీ వదలని మనిషి, కోరి పోగొట్టుకున్న రిబేటు అదొక్కటే.

గడువు దాటిన రెండో రోజు రోజలీ పై గుమ్మంలో నా చేతి నుంచి తన ఉత్తరాలు తీసుకుంటూ, వచ్చిందా ఆ డబ్బు, అని అడిగింది. పదకొండేళ్లలో కింద వాటా సంగతి ఆవిడ అడగడం నాకు తెలిసి అదే మొదలు.

"కాగితం పంపనేలేదండీ. వద్దనుకున్నారు."

"పంపలేదా? నా సంతకం ఉంది కదా?"

"ఉంది. అందుకే పంపలేదనుకుంటా."

నా మాట అర్థమైందో లేదో ఆవిడ ముఖంలో నాకు తెలియలేదు.

"యాభై డాలర్లు వదిలేసిందా? అక్కకి ఒంట్లో బాగుందా అసలు?" అంది.

ఆవిడ నన్ను పక్కకు జరిపి, మేజోళ్ల కాళ్లతోనే మెట్లు దిగి అక్క తలుపు వైపు వెళ్లింది.