పక్కపక్కన పడిన రెండు పేర్లు

గాయని లండు పాటలో గిటారు పరుగందుకునే చోటు ఒకటుంటుంది. అక్కడ చరణం ఆగిపోతుంది, ఆడేవాళ్లు నడుం దించుతారు, లండు పేర్లు పిలవడం మొదలుపెడుతుంది. ఆ పేర్లు పాటకు పెట్టుబడి పెట్టినవాళ్లవి. మా కిన్షాసా నగరంలో దీన్ని రాయి విసరడం అంటాం. సిమెంటు వ్యాపారి గాని, మంత్రి గారి బావమరిది గాని, ఆ రాయి తన ముంగిట పడితే తప్ప తనను పెద్దమనిషిగా లెక్కవేసుకోడు.

లండు కవలల తర్వాత పుట్టింది. అలా పుట్టినవారికి మాలో ఆ పేరే పెడతారు. తల్లి ఆకుల్లో చుట్టి ఉడికించిన కర్రపెండలం ముద్దలు అమ్మి ముగ్గురినీ పెంచింది. చర్చి బృందంలో మొదలైన గొంతు ఒక పెద్ద బ్యాండులో వెనక వరసకు చేరింది. ఆడపిల్లలు వెనక నిలబడి వంత పాడాలి, ముందుకు రాకూడదు. ఆ నియమం ఎక్కడా రాసిలేదు, కాబట్టే దాన్ని ప్రశ్నించడం ఎవరికీ కుదరలేదు. లండు వాదించలేదు. రికార్డింగు ఇంజినీరు మధ్యాహ్నాలు బీరు తాగడానికి పోయినప్పుడల్లా అతని కుర్చీలో కూర్చుని మీటలు నేర్చుకుంది. తర్వాత న్గిరి-న్గిరి పేటలో ఒక గది అద్దెకు తీసుకుని, గోడలకు పాత పరుపులు బిగించి, సొంత స్టూడియో తెరిచింది. ఈ రోజు ఆమె చేసిన పాట మోగని బారు లేదు, పెళ్లి లేదు, చావిల్లు లేదు. అయినా ఉదయం పూట వాకిలి ఊడ్చేది ఆమే.

ఆమెకు ఒక అలవాటుంది. డబ్బిచ్చినవాడి పేరు పిలిచిన వెంటనే, ఊపిరి తిప్పుకోకుండా, ఏమీ ఇవ్వలేని ఒకరి పేరు పిలుస్తుంది. నీళ్లు మోసే మనిషి, బస్సు మీద వేలాడే కండక్టరు, ఎవరైనా కావచ్చు. పెట్టుబడిదారులు దీన్ని ముసలితనపు చాదస్తమనుకుని ఊరుకునేవారు, ఎలెంగెసా వచ్చేదాకా.

ఎలెంగెసా మా సంత స్థలం మీద అంతస్తుల భవనం కట్టదలచాడు. అందుకు కోర్టులో వేసిన దావాలో ప్రతివాదుల స్థానంలో "పేర్లు తెలియని ఆక్రమణదారులు" అని రాయించాడు. ఆ మాటను తేలిగ్గా తీసుకోకూడదు. పేరు లేనివారికి నోటీసు పంపనక్కర్లేదు. నోటీసు అందనివారు వాదించలేరు. వాదించనివారి మీద తీర్పు ఒక్క పూటలో వస్తుంది. సంగతి విని బొలుంబు కోర్టుకు పరుగెత్తితే, నువ్వు ఈ కేసులో లేవు పొమ్మని గుమస్తా గుమ్మంలోనే తిప్పి పంపాడు. బొలుంబు ఆ సంతలో ఎండుచేపలు అమ్ముతూ నలుగురు పిల్లల్ని చదివించిన మనిషి. పన్ను కోసం వచ్చిన ప్రతిసారీ "అమ్మా బొలుంబూ" అని తీయగా పిలిచే ప్రభుత్వానికి, ఖాళీ చేయించేటప్పుడు మాత్రం ఆ పేరు గుర్తులేదు!

అదే ఎలెంగెసా తన పేరు కోసం లండుకు జనరేటరు కొనిచ్చాడు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని మా పేటలో అంతకన్నా పెద్ద కానుక లేదు. పాట సిద్ధమయ్యాక వినడానికి స్వయంగా వచ్చాడు. తన పేరు రాగానే కుర్చీలోనే భుజాలు కదిలించాడు. వెంటనే బొలుంబు పేరు వినిపించింది. భుజాలు ఆగిపోయాయి.

"ఎవరిది ఆ పేరు, యాయా?" అన్నాడు. వయసులో పెద్దదైన ఆడమనిషిని మేమందరం అలాగే పిలుస్తాం.

"సంతలో చేపలమ్మే అమ్మది. మీకు తెలియదా?"

"నాకెందుకు తెలుస్తుంది? తీసెయ్యండి."

"ఆమె చేపలకి ఉప్పు సరిగ్గా పడుతుంది, పెద్దాయనా. తీసేస్తే పాట చప్పగా ఉంటుంది."

"వేళాకోళాలొద్దు. ఆ పేరైనా తియ్యండి, నా పేరైనా తియ్యండి."

"రెండూ తియ్యను. మీరిచ్చింది పుచ్చుకున్నాను, పేరు పాడాను. పాడిన పేరు మింగడం మా ఇంటావంటా లేదు."

ఆ సాయంత్రమే అతని మనుషులు వచ్చి జనరేటరు ఎత్తుకుపోయారు. గిటారు వాయించే ఫ్వాంబా గుమ్మంలో నిలబడి దాని వెనకే చెయ్యి ఊపాడు.

"యాయా, అది పోయిందిగా. ఆయన పేరు కూడా దాని వెనకే పంపించేస్తే పీడా పోయేది."

"దాని కరెంటుతోనే పాడానురా. నోరు మూసుకుని ఆ తీగ పట్టుకెళ్లి పక్కింటి మంగలి ప్లగ్గులో పెట్టు."

పాట బయటికొచ్చింది. ఆ నెలలోనే ఒక పెద్దింటి పెళ్లిలో, ముందు వరసలో కూర్చున్న ఎలెంగెసాను గౌరవించాలని పెళ్లివాళ్లు అదే పాట పెట్టించారు. తన రాయి పడినప్పుడు లేచి ఆడని మనిషి మా ఊళ్లో మళ్లీ తల ఎత్తుకోలేడు. అతను లేచాడు, చేతులు చాపి ఆడాడు. మరుక్షణం బొలుంబు పేరు మోగింది. మధ్యలో కూర్చుంటే అందరూ చూస్తారు గనక ఆ పేరుకీ ఆడాడు. పెళ్లికొచ్చినవాళ్లంతా అది ఫోన్లలో వీడియో తీశారు. వారం తిరక్కుండా ఊరంతా చూసింది.

విచారణ రోజున అతని న్యాయవాది, సంతలోని వ్యక్తులెవరో తన కక్షిదారుకు తెలియదని విన్నవించాడు. చూడటానికొచ్చినవాళ్లు కూర్చునే వెనక బెంచీ మీది నుంచి బొలుంబు లేచింది.

"నా పేరు బొలుంబు, అయ్యగారూ."

న్యాయమూర్తి కళ్లద్దాలు తీశాడు. "పాటలో బొలుంబువా?"

"ఆ బొలుంబునే. ఆయన నా పేరుకి ఆడారు కూడా. నడుం కొంచెం బిరుసుగా ఉందిలెండి."

హాలంతా నవ్వింది. న్యాయమూర్తి నవ్వలేదు. ఆ నృత్యం తన ఇంట్లో పిల్లలు చూపించగా తానూ చూశానని, ఇక "తెలియదు" అన్న మాట ఈ కోర్టులో చెల్లదని న్యాయవాదికి చెప్పాడు. సంతలో అమ్ముకునే ప్రతి మహిళకూ పేరుపేరునా నోటీసు ఇచ్చి, వాదన విన్నాకే ముందుకు వెళ్లాలని ఆదేశించాడు. ఇది గెలుపు కాదు. సంత ఇంకా ప్రమాదంలోనే ఉంది. కానీ ఆ స్త్రీలు ఇప్పుడు కేసులో ఉన్నారు.

ఇదంతా ముందే ఊహించావా అని అడిగితే లండు నవ్వి, వాడికి ఆడటం రాదని మాత్రం ఊహించానంటుంది.

విచారణ మర్నాడే బొలుంబు ఎండుచేపల పొట్లంతో స్టూడియోకు వచ్చింది. వెనక సంత ఆడవాళ్లంతా ఉన్నారు.

"ఏమే లండూ, పేరుకీ పేరుకీ మధ్య ఊపిరి పీల్చుకోవా? వాడి పేరుకి నా పేరు అంటుకుపోయింది. కడుక్కోలేక చస్తున్నా."

"అందుకేనా ఇంతమందిని వెంటేసుకొచ్చావు, నన్ను తిట్టించడానికి?"

"తిట్టడానికి నేనొక్కదాన్ని చాలనటే? వీళ్ల పేర్లూ పిలువు. రేపు ఎవడూ తెలియదనకూడదు."

లండు వాకిలి దాకా నిండిన ఆడవాళ్లను చూసింది, తర్వాత ఫ్వాంబాను చూసింది.

"అమ్మో, యాయా," అన్నాడతను, "గిటారు అంతసేపు పరుగెత్తదు. నా వేళ్లు ఊడిపోతాయి."

"చేపలు తిని బలం తెచ్చుకో," అంది లండు, మైకు దగ్గరికి జరుగుతూ. "మొదటి నుంచి వాయించు. అమ్మా బొలుంబూ, నువ్వు నా పక్కన నిలబడి ఒక్కొక్క పేరే చెప్పు."