తమ్ముడు నోరు తెరిచిన ఎండాకాలం

మొన్న ఊపిరాడక దవాఖానలో పడితే, నర్సు పిల్ల వచ్చి ఆవిరి మందు పట్టించడానికి నా ముక్కు మీద మాస్కు బిగించింది. కొత్త రబ్బరు వాసన. అది తగలగానే నా చెయ్యి దానంతటదే లేచి ఆ పిల్ల ముంజేతి మీద చట్టున పడింది. "ఏందమ్మా, కొడుతున్నవ్?" అని బిత్తరపోయింది. "నిన్ను గాదు బిడ్డా" అన్నాను. మరి ఎవరిని అంటే, వినడానికి ఆ పిల్లకు తీరిక లేదు, చెప్పడానికి నాకు ఊపిరి లేదు. ఇప్పుడు ఊపిరి కాస్త తిరిగింది. తీరిక ఎట్లాగూ ఉంది.

నా తమ్ముడు కొట్టేవాడు. దీన్ని మెత్తగా చెప్పే మాటలు ఉంటాయని తెలుసు కానీ, నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. వచ్చిన నాలుగు మాటల్ని తిప్పి రాయడం నా వల్ల కాదు. బాయిలో, అంటే బొగ్గు గనిలో, పై అధికారిని కొట్టాడు. బస్సులో కండక్టరును కొట్టాడు. సద్దిగిన్నెతో ఒకడి నెత్తి పగలగొట్టి, ఆ సొట్టగిన్నెలోనే మర్నాడు అన్నం కట్టించుకుని డ్యూటీకి పోయాడు. పెళ్ళాన్నీ కొట్టాడు. నా మరదలు ఊరుకునే మనిషి కాదు, పప్పుగుత్తితో ఒకసారి వాడి ముందరి పన్ను రాలగొట్టింది. మధ్యలో అడ్డం పోయి నేను ఇద్దరి దెబ్బలూ తిన్నాను. మా గోదావరిఖనిలో మధ్యాహ్నం పూట ఓపెన్‌కాస్టులో, పైనుంచి తవ్వే గనిలో, బ్లాస్టింగు పెడతారు. గోడలు అదిరి, అటక మీది గిన్నెలు గలగలమంటాయి. మా ఇంట్లో గలగలమన్నప్పుడల్లా పక్కింటామె గోడ అవతలి నుంచి, "వదినా, గది బ్లాస్టింగా, నీ తమ్ముడా?" అని అడిగేది. రెండింట్లో ఏదో తెలుసుకుని వంట చేసుకునేది.

పుట్టుకతో వాడు అట్లా లేడు. బాయిలో రెస్క్యూ టీములో ఉండేవాడు. గ్యాసు తగిలిన మనిషి సంగతి బయటివాళ్ళకు తెలియదు. వాడు కల్లు తాగినవాడిలా అవుతాడు. మోకాళ్ళు వంగిపోతుంటాయి, చెయ్యి అడ్డంగా ఊపుతుంటాడు, నాకేం కాలేదు పొమ్మంటాడు. లాగితే తిరగబడి కొడతాడు. అందుకని రెస్క్యూవాళ్ళకు నేర్పించేది ఒకటే: అడగవద్దు, కొట్టి అయినా సరే, భుజాన వేసుకుని రావాలె. నా తమ్ముడు ఒక్కసారి అడిగాడు. బొగ్గు మండి గ్యాసు కమ్మిన చోట ఇద్దరు దొరికారు. అందులో ఒకడు వాడి సొంత బామ్మర్ది, నా మరదలి తమ్ముడు. "నాకేం గాలె బావా, ముందుగాల వాన్ని తీస్కపో" అన్నాడు. వీడు ఆ మాట విని రెండోవాణ్ణి మోసుకొచ్చాడు. మళ్ళీ లోపలికి పోయేసరికి బామ్మర్ది బొగ్గు దిమ్మెకు ఆనుకుని, నోరు తెరుచుకుని ఉన్నాడు. ఆ తర్వాత నా తమ్ముడు ఎవరి మాటా వినలేదు. మాట మొదలుపెట్టేలోపే వాడి చెయ్యి లేచేది.

వాడికి ఒక్కతే బిడ్డ. నాకు అక్షరాలు దిద్దించింది ఆ పిల్లే. నేను బాయి లాంపు రూములో, దిగేవాళ్ళకు దీపాలిచ్చే చోట పనిచేసేదాన్ని. దీపాల మీది అంకెలు తెలుసు గానీ అక్షరాలు తెలియవు. బడి నుంచి వచ్చి నన్ను కూర్చోబెట్టి, తప్పు రాస్తే స్కేలుతో వేళ్ళ మీద కొట్టేది. రక్తం ఎటు పోతుంది! ఆ పిల్ల పెద్ద చదువులకు పోయి, యూనివర్సిటీలో క్యాన్సరు మీద పరిశోధనలో చేరింది. ఏం చేస్తావే అక్కడ అంటే, "మనిషి కండ తునక గాజు పళ్ళెంల పెంచి, గది ఎందుకు పిచ్చిలేసినట్టు పెరుగుతదో సూస్త అత్తా" అంది. నాకు అర్థమైనట్టే అనిపించింది. అట్లాంటి మనిషిని నేను చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను కదా.

బాయిలోకి బీడీ, అగ్గిపెట్టె తీసుకుపోనివ్వరు. దిగే ముందు జేబులు తడిమి చూస్తారు. అందుకని మా మగవాళ్ళు తంబాకు దవడలో పెట్టుకుని షిఫ్టంతా గడుపుతారు. రిటైరయ్యాక కూడా ఆ దవడ ఖాళీగా ఉండదు, నా తమ్ముడిదీ అంతే. ఒకసారి సెలవుకు వచ్చినప్పుడు, తండ్రి ఆవులిస్తుంటే వాడి దవడ లోపల తెల్లటి మచ్చ, దాని నడుమ మానని పుండు ఆ పిల్ల కంట పడ్డాయి. చూపించమంది. వాడు మూతి బిగించాడు. "నేనేమన్న అంగట్ల ఎద్దునా, పండ్లు సూసి కొనుక్కపోతందుకు?" అన్నాడు. బతిమాలింది, ఏడ్చింది. నేను చీపురు పట్టుకుని బెదిరించాను. చీపురు విరిచి అవతల పారేశాడు. పుండు మాత్రం పెరుగుతూనే ఉంది. రొట్టె తినడం మాని జావ తాగేవాడు. ఎందుకని అడిగితే గ్లాసు గోడకేసి కొట్టేవాడు.

మరుసటి ఎండాకాలం ఆ పిల్ల ఏకంగా యూనివర్సిటీనే వెంటబెట్టుకుని వచ్చింది. సెంటినరీ కాలనీలో పెళ్ళిళ్ళు చేసే హాలు ఒకటి మాట్లాడుకున్నారు. వేదిక మీద ఎవరి పెళ్ళిదో థర్మాకోలు నెమలి ఇంకా తీయలేదు, దాని ముందర మిషన్లు పెట్టారు. వచ్చినవాళ్ళు మూడు రకాలు. ఇంజినీర్లు చల్లటి నీళ్ళు పారే సన్న గొట్టాల జాకెట్టు చేసి తెచ్చారు, బాయిలో ఉక్కకు మనిషి పడిపోకుండా అది కాపాడుతుందట. ఇంకో జట్టు మనిషి ఒళ్ళు ఎంత పనికి తట్టుకుంటుందో కొలిచేవాళ్ళు. వాళ్ళది కాళ్ళకింద పట్టా పరిగెత్తే మిషను, మూతికి బిగించే రబ్బరు మాస్కు, దానికో పొడుగు గొట్టం. మూడోది మా పిల్ల జట్టు, దవడ లోపల పుల్లతో గీకి చూసేవాళ్ళు. ఒకరికి మన చెమట కావాలి, ఒకరికి ఊపిరి కావాలి, ఒకరికి ఉమ్మి కావాలి. అందరికీ పెద్ద ఒక ప్రొఫెసరు, డాక్టరు చదువు చదివినవాడు, తెల్ల చొక్కా నలగకుండా తిరిగేవాడు. "అత్తా, గీ మిషన్లు ఎవలికి కావాలె? నాకు బాపు నోరొక్కటే కావాలె. అందరు తెరుస్తుంటె బాపు సుత తెరుస్తడు" అని నా చెవిలో చెప్పింది.

ఎవడూ తెరవలేదు. అసలు హాల్లోకే రాలేదు. పడుచువాళ్ళకు భయం, మిషను తమను అన్‌ఫిట్ అంటే ఉద్యోగం పోతుందని. ఇంటి దగ్గర కొడుకు ఖాళీగా ఉన్న పెద్దవాళ్ళకు ఇంకా పెద్ద భయం, మిషను తమను ఫిట్ అంటే, అన్‌ఫిట్ అయిన తండ్రి బదులు కొడుక్కు ఇచ్చే ఉద్యోగం రాదని. ఇది కంపెనీ పని కాదు మహాప్రభో అని ప్రొఫెసరు ఎంత చెప్పినా, హాలు ఎదురుగా చాయ్ కొట్టు దగ్గర గుంపుగా నిలబడి చూసేవాళ్ళే తప్ప గేటు దాటలేదు. ఆ గుంపులో నా తమ్ముడూ ఉన్నాడు, దవడలో తంబాకుతో.

చివరకు మా పిల్ల, నేనే ఎక్కుతా, చూసి వస్తారు అంది. బాయి బట్టలు, బూట్లు, దీపమున్న టోపీ వేసుకుంది, మీద నీళ్ళ జాకెట్టు. బాయిలో ఉక్క ఉండాలని ప్లాస్టిక్ పరదాలతో గదిలాగా కట్టి లోపల హీటర్లు పెట్టారు. మాస్కు బిగించాక కళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. పట్టా మొదట నడిచింది, తర్వాత ఉరికింది. ఆ పరీక్ష మనిషి ఇక చాలు అనేదాకా సాగుతుందట. జాకెట్టులో నీళ్ళు పారుతున్నా ఆ పిల్ల ఒళ్ళు తడిసి కారుతోంది. మోకాళ్ళు వంగుతున్నాయి. ప్రొఫెసరు పరదా పక్కన నిలబడి, "ఇంకా! ఇంకొంచెం! ఆపొద్దు!" అని అరుస్తున్నాడు. ఆపవద్దు, నేను బాగానే ఉన్నానని ఆ పిల్ల చెయ్యి అడ్డంగా ఊపింది.

అప్పుడే చాయ్ కొట్టు దగ్గర ఎవడో, "కాకా, లోపట మనిషికి గ్యాసు మాస్కు పెట్టి ఉరికిస్తున్నరు" అన్నాడట. తమ్ముడు గుమ్మంలోకి వచ్చాడు. వాడు చూసిందేమిటో నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉంది: మాస్కు పెట్టుకున్న బాయి మనిషి, వంగిపోతున్న మోకాళ్ళు, అడ్డంగా ఊగే చెయ్యి, చుట్టూ చేతులు కట్టుకుని నిలబడ్డ జనం. "తమ్మీ, ఆగు, గది మన పిల్ల" అని నేను అరిచేలోపే పరదా చిరిగింది. అడ్డం వచ్చిన కుర్రవాణ్ణి పట్టా మీదికి తోస్తే, పట్టా వాణ్ణి కుర్చీల్లోకి విసిరింది. హీటరు దొర్లింది. కాలర్ పట్టుకోబోయిన ప్రొఫెసరు ముక్కు మీద వీడి మోచెయ్యి పడింది, ముక్కు విరిగిన చప్పుడు నేను విన్నాను. మాస్కు మాత్రం తీయలేదు. గ్యాసులో మాస్కు తీయకూడదు కదా. గొట్టంతో సహా మనిషిని లాగాడు. గొట్టం వెనకే మిషను వచ్చి నేలమీద బద్దలైంది. ఆ పిల్ల తన్నింది, గుద్దింది, మాస్కులోంచి "మంచిగనే ఉన్న, మంచిగనే ఉన్న" అంది. ఆ ఒక్క మాట అనకుండా ఉండవలసింది. వీడు చెయ్యి చాచి చెంప మీద కొట్టాడు. మాస్కు అంచు పెదవిలో దిగబడింది. ఆ పిల్ల కళ్ళు తేలవేసింది. భుజాన వేసుకుని బయటికి తెచ్చి వేపచెట్టు కింద పడుకోబెట్టాడు. మొహం చూడలేదు.

మళ్ళీ లోపలికి పోయాడు. ఈసారి ఆలస్యం కాకూడదనేమో, పరుగెత్తాడు. ముక్కు పట్టుకుని కూలబడ్డ ప్రొఫెసరును బస్తాలాగా ఎత్తుకుని వచ్చాడు. ఆయన గాల్లో కాళ్ళు కొట్టుకుంటుంటే ఆయన్నీ ఒకటి వేశాడు. చాయ్ కొట్టు గుంపు ఫోన్లలో తీసిన ఆ వీడియో పెద్దపల్లి దాకా అందరూ చూసి నవ్వారు. ఆ నిమిషంలో మాత్రం ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే చెట్టు కింద నేను ఆ పిల్ల మాస్కు తీసేశాను, అదే కొత్త రబ్బరు వాసన. గడ్డం మీది నుంచి నెత్తురు కారుతోంది. తమ్ముడు చూశాడు. భుజం మీది ప్రొఫెసరును మెల్లగా, పసిపిల్లను దించినట్టు దించాడు.

"నువ్వా?"

"నేనే."

"మంచిగనే ఉన్న అంటివి గదనే లోపట."

"మంచిగనే ఉంటిని. నువ్వు కొట్టినంకనే గిట్లయిన."

ప్రొఫెసరు లేచి, రుమాలు ముక్కుకు అదిమి పట్టుకుని, "ఈయన మీద కేసు పెడతాను. అమ్మాయ్, సామాను సర్దించు. నీ పని కూడా ఇక్కడితో ఆఖరు" అన్నాడు. ఆ పిల్ల ఆయన వైపు తిరగలేదు. తండ్రి కళ్ళలోకే చూస్తూ అంది:

"కేసు సారు ఎందుకు, నేనే పెడ్త. అందరి ముంగట కన్నబిడ్డ మూతి పలగ్గొట్టినవ్. ఠాణాకు నడుస్తవా, నోరు తెరుస్తవా?"

"గింతమంది ముంగట ఏందే బిడ్డా..."

"గింతమంది ముంగటనే కొట్టినవ్ గద."

నా తమ్ముడు అటూ ఇటూ చూశాడు. వేలితో దవడలోని తంబాకు తీసి పారేసి, మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని, నోరు తెరిచాడు. ఆ పిల్ల టోపీ దీపం వెలిగించి లోపలికి చూసింది. ఆమె పెదవి నెత్తురు వాడి గడ్డం మీద పడింది. వెనక నుంచి ప్రొఫెసరు కూడా వంగి చూశాడు. ఆయనలో ముందు లేచింది డాక్టరు. దెబ్బ తిన్న మనిషి తర్వాత. "ఇది ఎన్నాళ్ళ నుంచి ఉంది?" అన్నాడు. కేసు మాట మళ్ళీ ఎత్తలేదు. ఆయనే హైదరాబాదులో సర్జన్‌కు ఫోను చేశాడు.

అక్కడ తునక తీసి చూసి, క్యాన్సరే అన్నారు. మెడలోకి ఇంకా దిగలేదు, ఇంకొంత ఆగితే మా చేతుల్లో ఉండేది కాదు అన్నారు. దవడ ఎముక కోశారు, చెంప తీసేశారు, తొడ కండ తెచ్చి అక్కడ కుట్టారు. జీవితమంతా వాడు కొట్టిన దెబ్బలన్నీ కలిపి ఎవరో ఒకేసారి వాడి మొహం మీద తీర్చుకున్నట్టు ఉంది. బతికాడు. మాట ముద్దగా వస్తుంది, సగం నాకు తప్ప ఎవరికీ అర్థం కాదు. చెయ్యి లేవడం తగ్గింది; మంచివాడయ్యాడని కాదు, ఒంట్లో సత్తువ లేదు. మిషను పగిలింది కాబట్టి ఆ ఎండాకాలం పరిశోధన అంతా ఆగిపోయింది. ఆ పిల్లను పనిలోంచి తీయలేదు గానీ, అందరి వెనక నిలబడి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టుకోవలసి వచ్చింది. తండ్రిని క్షమించానని ఇంతవరకూ అనలేదు, వాడూ అడగలేదు. ఆ పిల్ల ఇంటికి వచ్చినప్పుడు గడప దాటి చెప్పులు విడుస్తుంటే చాలు, వాడు నోరు తెరుచుకుని కూర్చుంటాడు. ఆ పిల్ల కడుక్కున్న చేతులతో లోపలంతా తడిమి చూసి, "మూసుకో" అంటుంది. వాళ్ళిద్దరి మధ్య మాటలు అంతే.

ఆ దెబ్బ పడబట్టే నోరు తెరిచాడు, దెబ్బ మంచిదే అయింది అని చుట్టాలు అంటుంటారు. నేను ఒప్పుకోను. ఆ పిల్ల మూతి మీది మచ్చ నేను వచ్చినప్పుడల్లా చూస్తాను. నాకు తెలిసింది ఇంతే: కాలం ఎవరి కోసమూ ఆగదంటారు గానీ, ఆ పుండును మెడలోకి దిగనివ్వకుండా అది మా కోసం చాలా రోజులు ఆగింది. ఆగినన్ని రోజులూ మేము కొట్టుకుంటూనే ఉన్నాము.