హబ్బుకు నాలుగు కొత్త చిల్లులు

భూగర్భ గనిలో పైకప్పు కూలకుండా బోల్టులు బిగించే పని నాది. అందుకే నా కారుకు బోల్టుల బెడద వచ్చిందంటే కాలనీలో ఒక్కరూ జాలిపడలేదు. "నీకు బోల్టులు కొత్తనా ఏందే?" అని నవ్వారు.

బొగ్గు లారీల రోడ్ల మీద తిరిగి తిరిగి మా పాత చిన్న కారు రిమ్ములు వంకరపోయాయి. ఆ సైజు టైర్లు దొరకడమూ కష్టమైంది. మా బావ తన కారు అమ్మేస్తూ, దాచుకున్న నాలుగు మెరిసే అల్లాయ్ చక్రాలను టైర్లతో సహా నాకిచ్చాడు. తెచ్చి పెట్టి చూస్తే ఎక్కలేదు. చక్రాన్ని పట్టి ఉంచే మా కారు హబ్బుకు నాలుగు బోల్టులే, ఆ చక్రాలకూ నాలుగు రంధ్రాలే. కానీ వాటివి దగ్గర దగ్గరగా, మావి ఎడం ఎడంగా. ఎత్తు, రంగు కుదిరి జాతకాలు కుదరని సంబంధమన్నమాట.

మా ఆవిడ వాళ్ల అక్క గోదావరి అవతల శ్రీరాంపూర్‌లో ఉంటుంది. ఆమెకు మోకాలు మార్చే ఆపరేషన్ అయింది. ప్రతి ఆదివారం అక్కకు కూరలు వండుకొని, షేర్ ఆటో ఎక్కి దిగి, బస్సెక్కి, సగం పులుసు తన కొంగుకే వడ్డించి మా ఆవిడ అక్కడికి చేరేది. చివరికి తేల్చి చెప్పింది.

"ఈ ఐతారం కారుల పోవాలె. లేకుంటె సోమారం దాన్ని పాత ఇనుప సామానోనికి ఇచ్చుడే."

నేను డ్రైవింగు నేర్చుకున్నది ఆ కారులోనే. నేర్చుకున్నానని దానికింకా నమ్మకం కుదరలేదు గానీ, నాకు మాత్రం అదంటే ప్రాణం.

మార్కెట్ వెనక షెడ్డులో ఉండే మెకానిక్ భాయ్ దగ్గరికి పరుగెత్తాను. వేరే హబ్బులు కొంటే కారు ఖరీదును మించేలా ఉంది. భాయ్ గడ్డం గోక్కున్నాడు.

"ఫికర్ చెయ్యకు అన్న. నీ హబ్బు మందంగనే ఉన్నది. పాత బోల్టుల నడుమ నడుమ కొత్త తూట్లు ఏద్దాం. లేత్ మిషన్ల కొలిచి కొట్టిస్త. పాతయి తీసేసి, వెనుకనుంచి కొత్త బోల్టులు దిగ్గొడితె అయిపాయె."

జేబుకు చిల్లు పడకుండా హబ్బుకు చిల్లులు వేసే ఉపాయం. వెంటనే ఒప్పుకున్నాను.

ఆదివారం పొద్దున మా ఆవిడ కూరల క్యారియర్ పట్టుకొని నా వెంట షెడ్డుకు వచ్చింది. కారు కొత్త చక్రాల మీద ముసలి పెళ్లికొడుకులా నిలబడి ఉంది.

"ఎక్కు అక్కా," అన్నాడు భాయ్, తలుపు తెరిచి.

ఆమె ఎక్కలేదు. నా వైపు తిరిగింది. "గనిల కొట్టి చూడంది కాలు పెట్టవు గదా. దీన్ని గూడ కొట్టి చూడు. నువ్వు సరే అంటెనే ఎక్కుత."

అది మా గని పద్ధతి. షిఫ్టు మొదలయ్యే ముందు పైకప్పును పొడుగాటి గడతో తట్టి వింటాం. ఖంగుమంటే గట్టిది. డబ్బుమంటే గుల్ల, లోపల పొర విడిందని అర్థం. తట్టి సరే అనేదాకా ఎవరూ దాని కిందికి వెళ్లరు. ఇంటికొచ్చినా ఆ చెయ్యి ఊరుకోదు. కుండ, తలుపు, పుచ్చకాయ, ఏది కనబడినా తట్టి చూస్తాను. సంతలో నన్ను చూస్తే పుచ్చకాయల అవ్వ గంప వెనక్కి జరుపుకుంటుంది.

పానా తీసుకొని ముందు చక్రం బోల్టుల మీద ఒక్కొక్కటిగా తట్టాను. డబ్బు. డబ్బు. డబ్బు. డబ్బు.

"అన్నీ గుల్లే!" అని తీర్పిచ్చాను, గనిలో కేకేసినట్టే.

భాయ్ కడుపు పట్టుకొని నవ్వాడు. "గుల్ల నీ తలకాయ ఉన్నది అన్న! టైరు నేల మీద ఆనుకొని ఉంటె ఖంగుమని ఎట్ల పలుకుతది?"

మా ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుంది. దగ్గడానికి కాదు.

పరువు కోసం, చక్రం విప్పి చూపించమని పట్టుబట్టాను. భాయ్ గొణుక్కుంటూనే జాకీ ఎత్తి, చక్రం విప్పాడు. హబ్బుకున్న బోల్టుల మీద మళ్లీ తట్టాను. ఖంగు. ఖంగు. ఖంగు. నాలుగోది డబ్బు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. భాయ్ టార్చి పట్టి హబ్బు వెనక్కి తొంగిచూశాడు. "అరె! బోల్టు తల పూర్తిగ కూసోలే. గీంత సందున్నది," అన్నాడు మెల్లగా. అలాగే పోయుంటే దారిలో ఆ బోల్టు ముందుకు జరిగేది, నట్టు వదులయ్యేది. ఆ తర్వాతి సంగతి తలుచుకోవడం నాకిష్టం లేదు.

అతను పెద్ద వాషర్లు పెట్టి, నట్టు బిగించి, బోల్టును చివరిదాకా లాగాడు. పానా నా చేతిలో పెట్టి, "ఇగ నువ్వే విను అన్న," అన్నాడు. ఖంగుమంది. మిగతా మూడు చక్రాలూ అడగకుండానే విప్పాడు. అన్నీ ఖంగుమన్నాక చక్రాలు మళ్లీ బిగించాడు.

"సరే," అన్నాను. మా ఆవిడ ఎక్కి, క్యారియర్ ఒళ్లో పెట్టుకుంది.

"వంతెన దాటంగనే ఒకసారి ఆపి నట్లు బిగియ్యి," అని భాయ్ అరిచాడు. గోదావరి దాటాక ఆపి బిగించాను. ఒక్కటీ కదల్లేదు. మా ఆవిడ మాత్రం దిగకుండా, "తట్టినవా?" అని అడిగింది.

శ్రీరాంపూర్ చేరేసరికి పులుసు చుక్క ఒలకలేదు. వాళ్ల అక్క మంచం మీద కూర్చొని, చెల్లెలు చెప్పిన కథంతా విని, దుప్పటి తొలగించి కాలు చాపింది.

"మరిదీ, గీ మోకాలు గూడ జర కొట్టి చూడరాదూ. డాక్టరు మంచిగనే కూసున్నదంటుండు గని, నాకు నీ మీదనే నమ్మకం."

పానా కారులో వదిలి వచ్చినందుకు సంతోషించాను.