గాజుల మేడమ్ క్లాసులో నేను లేచి నిలబడిన సంగతి

ఆ కాలంలో నంద్యాల బస్టాండులో భుజాన సంచితో ఏ కుర్రవాడు దిగినా ఆటోవాళ్ళు ఏ ఊరని అడిగేవారు కారు, "కోచింగా అన్నా?" అని మాత్రమే అడిగేవారు. డిగ్రీ గట్టెక్కిన ప్రతివాడికీ బ్యాంకు ఉద్యోగం ఒక్కటే కనబడేది. ఆ బ్యాంకుకూ మాకూ మధ్య ఇంగ్లీషు అడ్డంగా కూర్చునేది. లెక్కలంటే మాకు భయం లేదు. ఒక ఇంగ్లీషు క్రియ వెనక వచ్చే మాటకు ముందు 'టు' పెట్టాలో, చివర 'ఇంగ్' తగిలించాలో తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రం ఇంటి దేవుణ్ణి తలుచుకుని ఏదో ఒకటి గీసేవాళ్ళం. నేను ఆళ్ళగడ్డ నుంచి రోజూ పల్లెవెలుగు బస్సులో వచ్చిపోయే బాపతు. ఈ మధ్య మా పాత బ్యాచి వాట్సాప్ గ్రూపులో, ఆ రోజుల్లో నేను చేసిన ఒక సాహసం గురించి మళ్ళీ చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లు ఇన్నేళ్ళుగా తప్పు చిరునామాకు వచ్చాయి కాబట్టి అసలు సంగతి రాస్తున్నాను.

మా కోచింగ్ సంస్థ అంటే రైసుమిల్లు పక్కన మేడ మీద అద్దెకు తీసుకున్న రెండు గదులు. (తవుడు వాసన లేకుండా ఇప్పటికీ నాకు ఇంగ్లీషు గ్రామరు గుర్తుకు రాదు.) మొదట ఉన్న సారు క్రియల జాబితా రాయించి "బట్టీ కొట్టండి" అని వెళ్ళిపోయేవాడు. ఆయన తర్వాత వచ్చింది గాజుల మేడమ్. వాళ్ళది నంద్యాలలో గాజుల కొట్టు. కొట్లో కూర్చోమంటే వినకుండా, పాఠం చెబుతానని ఇంట్లో పోట్లాడి వచ్చిన మనిషి. వచ్చిన రోజే బెంచీలన్నీ రెండు పక్కలకు జరిపించి, "ఇది పెండ్లనుకోండప్పా," అంది. "కిటికీ పక్క ఆడపెండ్లోళ్ళు. ఈళ్ళ ఎంబడి వచ్చే మాటకు 'ఇంగ్' తోక ఉండాల్సిందే. గోడ పక్క మొగపెండ్లోళ్ళు. 'టు' అని పిలుపు రాకుంటే ఈళ్ళు బంతికి లెయ్యరు. లైక్, బిగిన్ రెండు పక్కలా చుట్టాలు, నడిమి బెంచీలో కూర్చోండి, మీకు యాడ కూర్చున్యా కూడు దొరుకుతాది."

అంతటితో ఆగక మాకందరికీ తలా ఒక క్రియ ఇచ్చింది. ఆ రోజు నుంచి అదే మా పేరు. గడివేముల కుర్రవాడు "మేడమ్, నాకు ఎంజాయ్ ఇయ్యండి మేడమ్, నాకు కావాల మేడమ్" అని వెంటపడితే, "అడుగుతానే ఉండావు కదప్పా, నీకు వాంటే సరిపోతాది" అని గోడ పక్కకు పంపింది. హోంవర్కు ఏదని అడిగినప్పుడల్లా "రేపు చేస్తా మేడమ్" అనే నాకు పోస్ట్‌పోన్ దక్కింది. కిటికీ పక్కన చోటు, మంచి గాలి. ఒక ఆదివారం వాంట్ మా ఊరొచ్చి, మా ఇంటి ముందర నిలబడి "పోస్ట్‌పోన్ ఉండాడా?" అని కేకేశాడు. రాతి విగ్రహానికి ఉలితో కన్ను దిద్దుతున్న మా నాయన తలెత్తకుండానే "ఆ పేరుతో ఈడ ఎవురూ లేరు, పో" అని తరిమేశాడు. సాయంత్రం నాకు తెలిసింది. "మేం పెట్టిన పేరుకేమొచ్చిందిరా? మార్చేదానికి ఆయమ్మ ఎవురు?" అన్నాడు నాయన.

నాయనకు నచ్చకపోయినా, మాకు ఇంగ్లీషు వచ్చేసింది. 'అవాయిడ్' అనగానే కిటికీ పక్కన కూర్చునే ఆ సన్నటి కుర్రవాడు కళ్ళ ముందు కనిపించేవాడు, నోట 'ఇంగ్' దానంతటదే పలికేది. కానీ మా ఛైర్మన్ సారుకు (మేడ అద్దెదే అయినా ఆయన ఛైర్మనే) మిగతా సార్లు చాడీలు మోశారు. ఆయన తలుపు దగ్గర నిలబడి కాసేపు చూశాడు. "ఇది క్లాసా, పెండ్లి పందిరా? శనివారం నేనే వచ్చి అడుగుతా. పిల్లోళ్ళు చెప్పకుంటే సోమవారం నుంచి వేరే సారును పెట్టుకుంటా, నువ్వు గాజుల కొట్టుకు పోమ్మా," అన్నాడు. మేడమ్ "సరే సార్" అంది. మేమైతే అప్పుడే గెలిచినంత సంబరపడ్డాం.

శనివారం ఛైర్మన్ సారు వచ్చీ రాగానే క్రమశిక్షణ పేరుతో అందరినీ లేపాడు. ఆడపిల్లలు ముందు, మగపిల్లలు వెనక, పొడుగువాళ్ళు గోడకు అని చోట్లు మార్చి కూర్చోబెట్టాడు. తర్వాత ఒకడిని అడిగాడు: "అవాయిడ్ ఎనక ఏమొస్తాది?" వాడి మెడ అలవాటుగా కిటికీ వైపు తిరిగింది. అక్కడ వాంట్ కూర్చుని ఉన్నాడు. "టు సార్," అన్నాడు వాడు ధైర్యంగా. ఆ తర్వాత వరుసగా అందరి మెడలూ తిరిగాయి, అందరి నోళ్ళూ తప్పాయి. ఎంజాయ్ అయితే తన పేరుతో తనే తప్పు వాక్యం చెప్పాడు. పెళ్ళిలో ఎవరు ఏ పక్క చుట్టాలో తెలియక విడిదిళ్ళు తారుమారైనట్టు అయింది. ఛైర్మన్ సారు మేడమ్ వైపు తిరిగి "చూసినావా?" అన్నాడు.

సరిగ్గా అప్పుడే నేను లేచి నిలబడ్డాను. వెంటనే పక్కనున్న వాంట్ లేచాడు, అవాయిడ్ లేచాడు, ఆడపిల్లలు లేచారు, క్లాసు క్లాసంతా లేచింది. ఛైర్మన్ సారు ముఖం మారింది. "ఏందప్పా, అందరూ కలిసి నన్ను బెదిరిస్తాండారా? నీకేం కావాల?" అని నన్ను అడిగాడు. నేను భుజాన బ్యాగు సర్దుకున్నాను. మా బ్యాచి ఇన్నేళ్ళుగా చెప్పుకునే కథ ఇక్కడితో ఆగుతుంది: పోస్ట్‌పోన్ ఎదురు నిలిచాడు, ఛైర్మన్ దిగివచ్చాడు, మేడమ్ ఉద్యోగం నిలిచింది.

నిజానికి నేను లేచింది ఆళ్ళగడ్డ బస్సు కోసం. అది తప్పితే తర్వాతి బస్సులో కాలు పెట్టే చోటుండదు. మేడమ్ ఉద్యోగం ఊడిపోతున్న సమయంలో నా బుర్రలో ఉన్నది ఆ బస్సే.

ఉద్యోగాన్ని నిలబెట్టుకున్నది మేడమే. "కూర్చోండప్పా అందరూ," అంది. "సారు అడిగిండేదాంట్లో తప్పు లేదు. మాటను మనిషికి ఇచ్చినా అనుకున్యా, కానీ బెంచీకి ఇచ్చినట్టయింది. రేపు పరీక్షలో మీకు ఈ కిటికీ యాడుంటాది? తప్పు నాదే. సార్, వచ్చే శనివారం మళ్ళా అడగండి. అప్పుడూ చెప్పకుంటే మీరు పొమ్మనే పని లేదు, నేనే పోతా." అంతమంది ముందు, అదీ ఛైర్మన్ ముందు, తప్పు నాదే అన్న టీచరును అంతవరకు నేను చూడలేదు. ఆ తర్వాతా పెద్దగా చూడలేదు.

ఛైర్మన్ సారు వారం గడువిచ్చాడు. ఆ వారమంతా మేడమ్ ఎవరినీ ఒకే చోట రెండోసారి కూర్చోనివ్వలేదు. అదీ చాలక, సాయంత్రాలు ఆ దారిన పోయే మాతోపాటు ఆళ్ళగడ్డ బస్సెక్కింది. ఆళ్ళగడ్డ దాకా వచ్చి, తిరుగు బస్సులో నంద్యాల పోయేది. బస్సులో చోటు నిలకడ ఉండదు కదా: ముసలమ్మ ఎక్కితే లేస్తాం, గంప దిగితే కూర్చుంటాం. "పందిట్లో ఉన్యా, బస్సులో నిలబడిన్యా ఆడపెండ్లోళ్ళు ఆడపెండ్లోళ్ళే! మొగం చూసి చెప్పండి, సీటు చూసి కాదు," అని రాడ్డు పట్టుకుని ఊగుతూ అడిగేది. మేం గుంపులోంచి అరిచేవాళ్ళం. కండక్టరు మొదట "ఏందమ్మా, నా బండ్లో పెండ్లి చేస్తాండారా?" అని విసుక్కున్నాడు. వారం తిరక్కుండానే "హోప్ యాడికి పోయినాడప్పా?" అని మేడమ్ వెతుకుతుంటే, "శిరివెళ్ళలో దిగిపాయె మేడమ్, 'టు' గాడే కదా?" అని తనే చెప్పాడు.

మరుసటి శనివారం ఛైర్మన్ సారు మమ్మల్ని అటూ ఇటూ మార్చాడు, చివరికి పక్క గదిలో నేల మీద కూర్చోబెట్టాడు. మేం ఒకరి ముఖం ఒకరు చూసుకుని చెప్పేశాం. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, "సరేలేమ్మా, మీ పెండ్లి మీరు చేసుకోండి," అని వెళ్ళిపోయాడు.

అయినా బ్యాచికి గుర్తుండిపోయింది నేను నిలబడటమే. బస్టాండు ఎదురుగా నాకు మిరపకాయ బజ్జీలు తినిపించారు, తిన్నాను. నా పెళ్ళి సంబంధమప్పుడు వాంట్ మా మామగారితో "పిల్లోడు న్యాయానికి నిలబడేవాడు" అన్నాడు, కాదనలేదు. మొన్న నంద్యాలలో అందరం కలిశాం. మేడమ్ కూడా వచ్చింది, జుట్టు తెల్లబడింది, గొంతు మాత్రం అదే. మైకు నా చేతికిచ్చి ఆ కథ చెప్పమన్నారు. ముందు వరుసలో ఆమెను చూశాక పాత కథ నోటికి రాలేదు. బస్సు కోసమే లేచానని చెప్పేశాను.

"నిన్ను చూసి లేచినా కదరా నేను!" అని అరిచాడు వాంట్, ఇప్పుడు ఒక బ్యాంకు మేనేజరు.

మేడమ్ నవ్వు ఆపుకోలేకపోయింది. "నాకు అప్పుడే తెలుసు లేప్పా. బ్యాగు బుజానికి తగిలించుకోని ఎవురన్నా కొట్లాటకు లేస్తారా? కానీ నువ్వు లేస్తే అందరూ లేచినారు చూడు, ఇంతమంది నా పక్కన ఉండారే అనుకున్యా. ఆ దైర్నంతోనే ఇంకో వారం అడిగినా."

తిరుగు ప్రయాణంలో కిటికీ పక్క సీటే దొరికింది. శిరివెళ్ళ దాటుతుండగా, భుజాన బ్యాగుతో, వెనక అందరూ ఎందుకు లేచారో అర్థం కాక నిలబడిపోయిన ఆ కుర్రవాడు గుర్తొచ్చాడు. ఆ రోజు వాడికి బస్సు కూడా తప్పిపోయింది పాపం.