సర్వి చెట్టుకు రోజూ ఒక కడవ

నా చిన్నప్పుడు పత్తికొండ పక్కన మా ఊరు మొత్తానికి సర్వి చెట్టు, అదే సరుగుడు, ఒక్కటే ఉండేది. అది మా పెరట్లోది. కర్నూలు రాజధాని అయిన కొత్తలో మా అవ్వ అక్కడ ఒక ఆఫీసరు బంగళాలో పనికుండి, తిరిగి వచ్చేటప్పుడు ఆ మొక్కను తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. ఆ ఇంటమ్మ దాన్ని పైన్ చెట్టు అనేదట. మా ఎర్రనేలలో బతకదని అందరూ అన్నారు. అవ్వ దాని పక్కనే ఒక చిల్లుకుండ పాతిపెట్టింది. అందులో నీళ్లు నింపితే ఆ చెమ్మే చెట్టుకు తాగునీరు. కుండ నింపేది నేను. నన్ను బడికి పంపలేదు కాబట్టి మేకలూ నీళ్లూ నా చదువు. గాలి తగిలితే ఆ సూదాకులు సన్నగా హోరుపెట్టేవి. వింటూ కిందే పడుకునేదాన్ని.

చెట్టు చూరును దాటిన ఏడు మా చర్చి సంఘపెద్ద వచ్చాడు. పట్నాల్లో క్రిస్మస్‌కు ఇలాంటి చెట్టునే చర్చిలో నిలబెడతారట. మొదలంటా కొట్టుకుపోతానన్నాడు. దేవుడి పని అన్నాక కాదనేదెవరు? నేను పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను. అవ్వ నన్ను ఓదార్చలేదు.

"కొట్టుకోప్పా, నేనొద్దన్నానా? పండగ ఇంకా శానా దూరముండాది. అంతవరకూ నువ్వే రోజూ ఒక కడవ తెచ్చి పొయ్యాల. దేవునికి ఎండిన చెట్టు ఇస్తామా? కూలోనితో మోయిస్తే మాత్రం నేనొప్పను" అంది.

"ఇంతేనా పెద్దమ్మా" అని ఆయన నవ్వాడు. అవ్వ నన్ను మోసం చేసిందనుకుని కొన్నాళ్లు ఆమెతో మాట్లాడలేదు.

ఆ ఏడు వానలు లేవు. ఎండిన వంకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్లు చిప్పతో తోడితే గానీ కడవ నిండేది కాదు. తెల్లపంచె పెద్దమనిషి భుజాన కడవతో వస్తుంటే ఆడవాళ్లు ఊరుకుంటారా? "ఏమప్పా, ఇంట్లో పెండ్లాము అలిగిందా?" అనేవాళ్లు. మొదట్లో ఆయన నీళ్లు కుమ్మరించి గిరుక్కున తిరిగిపోయేవాడు. తర్వాత తర్వాత కాసేపు నిలబడి చూసేవాడు. ఒకనాడు మా మేక చెట్టు బెరడుకు మూతి చాస్తే నన్నే కసిరాడు. "ఏమ్మీ, మేకను ఇడిసిపెట్టి యాడ తిరుగుతాండావు? కొరికితే మళ్లీ లేస్తాదా అది?" మర్నాడు తనే తుమ్మకంప తెచ్చి చుట్టూ కట్టాడు. అవ్వ కొర్రలు చెరుగుతూ తల కూడా ఎత్తలేదు.

పండగ ముందురోజు గొడ్డలితో వచ్చాడు. నేను గుంజ పట్టుకుని చూస్తున్నాను. చెట్టు చుట్టూ తిరిగాడు. బెరడు మీద చెయ్యి పెట్టి అట్లే నిలబడ్డాడు. చివరికి గొడ్డలిని గోడకు ఆనించి, కడవ తీసుకుని వంకకు పోయాడు. తిరిగి వచ్చి కుండ నింపి, "చెయ్యి ఆడల్యా పెద్దమ్మా" అన్నాడు.

"ఆడదులేప్పా" అంది అవ్వ.

ఆ క్రిస్మస్‌కు చర్చిలో వేపకొమ్మ నిలబెట్టి దూది అంటించారు. చూడ్డానికి ఏమీ బాగాలేదు.

నాకు అక్షరాలు పిల్లలు పుట్టాక వచ్చాయి. ఇది మాత్రం ఆనాడే వచ్చింది. ఎవరైనా దేన్నయినా తెంచేస్తానని వస్తే నేను వాదించను. మా తమ్ముడు పెళ్లాన్ని వదిలేస్తానని వచ్చినప్పుడు కూడా వద్దనలేదు. సరే, వచ్చే పండగ దాకా ఆమె స్నానానికి రోజూ నువ్వే నీళ్లు తోడిపెట్టు అన్నాను. ఇంకా తోడుతూనే ఉన్నాడు.